షాటరీయందలి హాథవే గృహము

ఇంగ్లండుదేశమున వారిక్‌షైరు మండలమందు ఏవన్‌నదీతీరమున స్ట్రాట్‌ఫర్డు పట్టణము కలదు. అది షేక్స్పియరు మహాకవి జన్మస్థానమని యెల్లవారు నెఱుఁగుదురు. ఆ పట్టణమునకుఁ బడమర సుమారొక మైలు దూరమున షాటరీ యను పల్లె కలదు. ఆ కవి భార్యయైన ఆన్ హాథవే పుట్టినయిల్లుగాఁ బ్రసిద్ధిఁ గాంచిన గడ్డికప్పు గృహ మా పల్లెలో నేఁటికిని నిలిచియున్నది. లోకు లందఱు దానిని 'ఆన్ హాథవే కాటేజి' యని పిలుచుచున్నారు. దాని చిత్రమును జూచినవారు మనలోఁ బెక్కుమంది యుందురు. నేలకు వంగివచ్చినట్లున్న గడ్డికప్పు, నల్లని కొయ్యలనడుమఁ దెల్లని గోడలు, ముందఱఁ బూలమొక్కలు. ఈ చిత్రమును జూచి, యాపైఁ గాటేజి యను పేరును విన్నవారికి, ఇది యెవ్వరో పేదకాపు గుడిసెయనియు, ఆ గుడిసెలోని పిల్లను స్ట్రాట్‌ఫర్డు పట్టణపు యువకుఁడు పెండ్లాడెననియు భావము కలుగును. ఆ భావము సరియైనది కాదు. ఆ యింటి నిర్మాణమే దానికి విరుద్ధమైన సాక్ష్య మిచ్చుచున్నది. ఆ సాక్ష్యమును క్రమముగాఁ బరిశీలించుటయు, తప్పుభావము పుట్టుటకుఁ గారణమైన పేరెట్లు వచ్చెనో తెలుపుటయు నీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ముందుగాఁ బేరును విచారింతము. శబ్దములు యౌగికములనియు, రూఢములనియు, యోగరూఢములనియు మన శాస్త్రకారులు విభజించిరి. మండపశబ్దము నవయవార్థమునుబట్టి చూచిన గంజిత్రాగువాఁ డని చెప్పవలసి వచ్చును. కాని రూఢిచే నది స్తంభములుగల కట్టడమును బోధించుచున్నది. యోగముకంటె రూఢి బలవత్తర మగుటచే నచట నెవ్వరికిని సంశయము పుట్టదు. కాటేజి యను శబ్దము గూడ నిట్టి మార్పు నొందినదియే. దాని మొదటిభాగమైన 'కాట్' అనునది ప్రాచీనాంగ్లమున గుడిసెకుఁ బేరు. దానిపైఁ జేరిన ప్రత్యయము ఫ్రెంచిసంప్రదాయమునుండి వచ్చినది. మధ్యయుగమున నీశబ్దము, సొంతసాగు చాలినంత లేక యొరుల పొలములలోఁ గూలిచేసి బ్రదుకువాని నివాసమునకుఁ జెల్లుచుండెను. అనఁగా నది యింటి యాకారమునకుఁ బేరు కాదు, అందుండువాని స్థితికిఁ బేరు.

ఇది యూహామాత్రము కాదు. ఎలిజబెత్తు రాణి కాలమున 1589 సంవత్సరమునఁ గాటేజీల నిర్మాణమును గూర్చి యొక శాసనము పుట్టినది. క్రొత్తగాఁ గాటేజిని గట్టువాఁడు దానికి నాలుగెకరములకుఁ దక్కువగాని భూమిని జేర్పవలెననియు, ఒక కాటేజిలో నొక్క కుటుంబమే యుండవలెననియు నందు విధింపఁబడెను. ఆ శాసనము 1775 వఱకు నమలులో నుండెను. భూమి లేని నివాసములు పెరిగినచో వానిలోని పేదల పోషణభారము గ్రామముపైఁ బడునను భయమే దీనికి మూలము. కాఁబట్టి నాఁటివారి వాడుకలో భూమికొఱఁత యనునది కాటేజికి సహజలక్షణ మయ్యెను. ఇఁక షాటరీయందలి యీ గృహమునకో, తొంబది యెకరములకుఁ బైఁబడిన భూమి చేరియుండెను. నాఁటి వ్యవహారమున దీనికి హ్యూలాండ్స్ ఫార్మ్ అని పేరు. అది పండ్రెండు గదులు గల వ్యవసాయగృహము. షేక్స్పియరు కాలమువాఁ డెవ్వఁడేని దీనిని గాటేజి యని విన్నయెడల నాశ్చర్యపడియుండును.

పేరిట్లుండఁగా నింటి యవయవములను జూతము. ఇందుఁ బ్రాచీనభాగము 1463 ప్రాంతమునఁ గట్టఁబడినది. ఆన్ హాథవే పుట్టుకకు దాదాపు తొంబదియేండ్లు ముందన్నమాట. అప్పటి కది మూఁడుగదుల యిల్లు. దాని యస్థిపంజరము 'క్రక్' అనఁబడు పద్ధతిని నిర్మింపఁబడినది. ఈ పద్ధతి మన దేశపు పూరిండ్లలోని పద్ధతికంటె భిన్నమగుటచేఁ గొంచెము వివరింపవలసియున్నది. మన పూరింటిలో నడుమ నిట్రాడు నిలువఁబెట్టి, దానిపై వెన్నుగఱ్ఱను మోపి, దానినుండి గోడలమీఁదికి వాసములను దించుదురు. కప్పుబరువును నిట్రాడును గోడలును బంచుకొని మోయును. క్రక్ పద్ధతిలో నిట్రాడు లేదు. స్వభావముగా వంగి పెరిగిన యోకుమ్రానును దెచ్చి, నిలువున రెండుగాఁ జీల్తురు. ఒకే మ్రానినుండి పుట్టిన యా రెండు బద్దల వంపును సమానముగా నుండును. వాని మొదళ్లను నేలయొద్ద నెడముగా నిలిపి, కొనలను పైని గలిపి, నడుమ నడ్డదూలముతో బిగింతురు. చేతులు జోడించి పైకెత్తినట్లుండు నీ జత నేలనుండి కొప్పువఱకు నొక్కటిగాఁ బోవును. ఇట్టి జతలను గొంతకొంత దూరమున వరుసగా నిలిపి, వానిపై వెన్నుగఱ్ఱను బ్రక్కదూలములను బరచినచో నింటి చట్రము సిద్ధమగును.

ఈ పద్ధతివలన నొక ముఖ్యఫలము కలుగుచున్నది. కప్పుభారమంతయుఁ గ్రక్ జతలే నేలకు దింపును. గోడలకు భారము లేదు. కాఁబట్టి గోడలు కేవల మావరణములు. హాథవే గృహమున గోడలయడుగున రాతిపీఠము కలదు. తేమ కొయ్యకు నెక్కకుండుట కది వేయఁబడినది. దానిపైఁ గొయ్యలు నిలువునను నడ్డముగాను గూర్పఁబడి చదరపుగళ్లుగా నేర్పడియున్నవి. ఇట్టి గళ్లలోఁ గఱ్ఱల నిలిపి, సన్నని బద్దలతోఁ దడిక యల్లి, మట్టియుఁ బేడయుఁ ద్రొక్కిన గడ్డియుఁ గలిపి రెండువైపుల మెత్తి, పైని సున్నము పూయుట యాకాలపు పద్ధతి. మన పల్లెలలోని దడిగోడలను జూచినవారికి దీనిని వేఱుగా వర్ణింపఁ బనిలేదు. కాలక్రమమునఁ గొన్నిగళ్లలో మట్టి తీసి యిటుకలు పెట్టిరి. మట్టి యూడినను, ఇటుక మార్చినను, చట్రమునకు హాని లేదు. ఇల్లు నిలుచుట గోడవలనఁ గాక చట్రమువలన నగుటచేతనే యీ మార్పులన్నిటిని సహించి యది యైదువందల యేండ్లకుఁ బైఁగా నిలిచినది.

ఇట్టి యోకుచట్రమును గూర్చుట పేదవాని పని కాదు. వలసిన వంపుగల మ్రాఁకులను వెదకి కొట్టింపవలెను. నేర్పరులైన వడ్రంగులు వానిని నేలపైఁ బరచి, కుసులును దొలులును దీర్చి, ప్రతి యతుకునకును గుఱుతులు వేసి, పిమ్మట నొక్కమాఱుగా లేవనెత్తవలెను. ఇంగ్లండుదేశపుఁ బేదల మధ్యయుగనివాసము లనేకములు మట్టిలోఁ గలిసిపోయినవి. ఇది నిలిచియుండుటయే దీనిని గట్టించినవాని చేరువఁ బదార్థబలమును బనివాండ్రును గల రనుటకు గుఱుతు.

ఇఁకఁ గప్పు. ఈ యింటి ప్రసిద్ధి కంతటికిని మూలమైన యవయవ మిదియే. ఆంగ్లమున గడ్డికప్పునకు 'థాచ్' అని పేరు. ఈ శబ్దము మన వ్యాకరణపండితులకు వినోదము గూర్పఁదగినది. ప్రాచీనాంగ్లమున దీనికి సామాన్యముగాఁ గప్పు అని యర్థము. దానితోడి క్రియకుఁ గప్పుట యని యర్థము. లాటినునందలి 'తెగెరె' యనుధాతువును, గ్రీకునందలి 'స్తెగెయిన్' అనుధాతువును, సంవరణార్థకమైన సంస్కృతపు స్థగధాతువును నీశబ్దమునకు జ్ఞాతులని భాషాతత్త్వవేత్తలు నిర్ణయించిరి. మన స్థగనశబ్దమును వారి థాచ్ శబ్దమును నొక్క మూలమునుండి పుట్టినవన్నమాట. సామాన్యముగాఁ గప్పు ననువాచక మాంగ్లమున గడ్డికప్పునకే పరిమితమగుట గమనింపఁదగినది. గడ్డి తప్ప వేఱుకప్పు నెఱుఁగని పల్లెలలోఁ గప్పన్నను గడ్డికప్పన్నను నొక్కటియే గదా! పెంకును పలకయు వచ్చిన పిదప వానికి వేఱుపేర్లు పుట్టఁగా, ప్రాఁతపేరు ప్రాఁతపదార్థముతోనే మిగిలిపోయెను. ఒకప్పుడు రాజునింటికిని బేదయింటికిని సమానమైన కప్పునకు, పేదఱికపు వాసన తరువాతఁ జేరినదని యీ యర్థసంకోచమే తెలుపుచున్నది.

ఇంగ్లండున గప్పునకు వాడు పదార్థములు ప్రధానముగా రెండు. నీటిపట్టులఁ బెరుగు రెల్లొకటి; గోధుమగడ్డి యొకటి. రెల్లు తూర్పుననున్న పల్లపుసీమలలో విరివిగా దొరకును. వారిక్‌షైరువంటి నడుమసీమలలో గోధుమ పండించువాని కళ్లములోనే కప్పు దొరకుచుండెను. గడ్డిని దడిపి, పోచలను సవరించి, కట్టలుగాఁ గట్టి, చూరునుండి మొదలిడి పైకి వరుసవరుసగాఁ బఱతురు. ప్రతివరుసయుఁ గ్రిందివరుసను గప్పుచుఁ బోవును. హేజెల్ అను చెట్టు కొమ్మలను జీల్చి మెలిపెట్టి, రెండుకొనలు చెక్కి, మేకులవలె గ్రుచ్చి బిగింతురు. కొప్పుపైఁ బ్రత్యేకముగా దట్టమైన గడ్డిని మడిచి కప్పుదురు. గాలివానల దెబ్బ మొదట నచటనే తగులుటచే దానిని మిగిలిన కప్పుకంటె ముందుగా మార్పవలసివచ్చును.

గడ్డికప్పు వాననీటిని లోనికిఁ బోనీయకుండుటకుఁ గారణము పదార్థము గాదు, వాలు. సుమా రేఁబది యంశల వాలులో నుంచినచో నీరొక పోచనుండి క్రిందిపోచకు జాఱి చూరునఁ బడిపోవును. పైపొర మాత్రమే తడియును, లోపలిగడ్డి పొడిగానుండును. వాలు తగ్గినచో నీరు నిలిచి గడ్డి క్రుళ్లును. చూరుక్రింద నీటికాలువ లుండవు. కాఁబట్టి చూరును గోడకు దూరముగా ముందుకుఁ జాఁతురు. మట్టిగోడ తడియకుండుట కిదియే యుపాయము. మఱియు, రాతిపలకల కప్పుతోఁ బోల్చినచో గడ్డికప్పు మిక్కిలి తేలిక. వంకరటింకర కొయ్యలపై నైనను నది యొదిగి కూర్చుండును. అందుచేతనే క్రక్‌చట్రమునకు నిది తగిన జత. నిటారువాలు, తడికగోడ, చాఁచినచూరు, తేలికకప్పు అను నీ నాలుగును బరస్పరాపేక్షతో నొక్కవాక్యమందలి పదములవలె నన్వయించుచున్నవి. ఒకదానిని మార్చినచోఁ దక్కినవానిని గూడ సవరింపవలెను.

మొదటియింటిలో నడిమి విశాలమైన గదికి హాలు అని పేరు. దానిపై మేడ లేదు. నేలనుండి కొప్పువఱకు నంతయు నొక్క యాకాశమే. నేలనడుమ నెగడు మండుచుండును. పొగగొట్టము లేదు, పొగ పైకి లేచి కప్పునందలి సందులగుండ మెల్లఁగా వెలికిఁ బోవును. ఆ పొగచే లోపలిగడ్డి నల్లఁబడి పురుగుపట్టక యుండెను. దక్షిణాంగ్లదేశమునఁ గొన్నిపాఁత యిండ్లలో నట్టి మసిపట్టిన గడ్డిపొర, పైపైని బరచిన క్రొత్తపొరలక్రింద భద్రముగా నుండి, మధ్యయుగపు గోధుమవెన్నులను నేఁటి శాస్త్రజ్ఞుల కందిచ్చినది. ప్రాఁతకప్పును బూర్తిగాఁ దీయక దానిపైఁ గ్రొత్తపొర వేయు వాడుకవలన నిది సంభవించెను. రాతికంటె గడ్డియే యొకానొక విషయమున నెక్కువ చరిత్రను దాఁచుకొన్నదనుట కిది నిదర్శనము.

పదునాఱవ శతాబ్దమున నీ జీవనవిధానము మాఱినది. 1577లో ఇంగ్లండు వర్ణనమును బ్రకటించిన విలియం హారిసను, తమ జ్ఞాపకకాలములో నద్భుతముగా మాఱిన విషయములు మూఁడని తన గ్రామవృద్ధులు చెప్పిరని వ్రాసెను: పొగగొట్టములు విస్తరించుట, పడకలు బాగుపడుట, కొయ్యపాత్రములకు బదులు తగరపుఁబాత్రములు వచ్చుట. హాథవే గృహము నిట్లే మాఱెను. రాతితోను నిటుకతోను పొగగొట్టములు లేచెను. పొగ పోవుటకు మార్గమేర్పడిన పిదప హాలుపై నటుక వేయుటకు వీలయ్యెను. ఒక్క గది రెండు గదులయ్యెను. పైగదులకు వెలుతురు కావలసివచ్చెను గాని గోడ చాలినంత యెత్తులేదు. అందుచేఁ గిటికీలు చూరులోనికిఁ జొచ్చెను. గడ్డికప్పు వానిపైఁ గనుబొమలవలె వంగి పోయెను. నేఁటి చిత్రములలో మన మిష్టపడు నా వంపు సౌందర్యమునకై చేయఁబడినది గాదు. ఒంటి యంతస్తు గల యింటిలో రెండవ యంతస్తు నిముడ్పవలసివచ్చినప్పటి సర్దుబా టది.

ఈ మార్పులకాలమున నింటియజమానుఁడు రిచర్డు హాథవే, ఆన్ తండ్రి. జాన్ హాథవే యనువాఁడు 1543 నుండి యీ భూమిని గౌలుదారుగా ననుభవించుచుండెను. రిచర్డు 1581 సెప్టెంబరులో మరణించెను. అతఁడు వ్రాసిన మరణశాసన మీ యింటి నిర్మాణమునకు లిఖితసాక్ష్యముగా నుపకరించుచున్నది. హాలునందలి గోడపలకలును, ప్రక్కగదియందలి జత పడకలును, తన భార్య జీవించియున్నంతకాలము గాని యామె వైధవ్యకాలమునఁ గాని కదల్పఁబడక యథాస్థానమున నుండవలెనని యందు వ్రాయించెను. గోడలకుఁ గొయ్యపలకలు తొడిగించుకొన్నవాఁడు గుడిసెవాఁడు గాఁడు. హారిసను చెప్పిన మూఁడింటిలోఁ బడకల సంగతికిఁ గూడ నీ శాసనమే సాక్షి. పెద్దకుమారుఁడు బార్తొలొమ్యూ వ్యవసాయమును దల్లికొఱకు నడపవలెననియు నందుఁ గలదు.

అదే శాసనమున ఆగ్నెస్ అను కుమార్తెకు వివాహదినమున 6 పౌనుల 13 షిల్లింగుల 4 పెన్నీలు చెల్లింపవలెనని వ్రాయఁబడెను. ఆ కాలమున ఆగ్నెస్, ఆన్ అను రెండు పేర్లును నుచ్చారణమున సన్నిహితములై యొకదానికొకటి వాడఁబడుచుండెను గావున నామెయే మన ఆన్ అని పండితుల నిశ్చయము. ఆ కుటుంబమున గొఱ్ఱెలను గాచుటకుఁ బ్రత్యేకముగా థామస్ విట్టింగ్టన్ అను కాపరి యుండెను. ఇరువది యేండ్ల పిమ్మట, 1601లో, ఈ కాపరి తన మరణశాసనమున షేక్స్పియరు భార్యయైన ఆన్ చేతిలోఁ దనవి 40 షిల్లింగులు గలవని చెప్పి, వానిని స్ట్రాట్‌ఫర్డు పేదలకుఁ బంచిపెట్టవలెనని కోరెను. పుట్టినింటి కాపరి పెండ్లియై పోయిన యాఁడుబిడ్డతో నన్నియేండ్ల వఱకు విశ్వాసమును వ్యవహారమును గలిగియుండుట యా యింటి మర్యాదకుఁ దార్కాణము.

బార్తొలొమ్యూ 1610లో నీ గృహభూములను గొని పూర్తి స్వామ్యమును సంపాదించెను. కౌలుదారుఁ డొరుల భూమిపై నెక్కువ ధనము వెచ్చింపఁడు, స్వామియైనవాఁడు వెచ్చించును. పదునేడవ శతాబ్దమున నింటి కొకకొన నెత్తైన క్రొత్తభాగము చేరుట యీ న్యాయమునకు ననుగుణముగానే యున్నది. ఈ భాగమునఁ గొయ్యచట్రము క్రక్ జతలతోఁ గాక నిటారుకంబములతోఁ గూడియున్నది. కావుననే యెత్తు హెచ్చినది. బాటవైపునుండి చూచువారికిఁ గప్పు సమముగా నుండక మెట్లుమెట్లుగా నెక్కుట కనఁబడును. నేలవాలును, ఈ రెండుకాలముల భేదమును నందుకుఁ గారణములు. పొగగొట్టముపై 'ఐ హెచ్' అను నక్షరములును 1697 అను సంవత్సరమును జెక్కఁబడియున్నవి. లాటిను సంప్రదాయమున 'జె' యక్షరమునకు 'ఐ' యక్షరమే వ్రాయఁబడుచుండెను గావున నది జాన్ హాథవే యను వేఱొక వంశీయుని పేరు. ఇట్లు 1463 నాఁటి చట్రము, పదునాఱవశతాబ్దపుటటుక, పదునేడవశతాబ్దపుఁ గొన, 1697 నాఁటి మరమ్మతు, అన్నిటినిఁ గప్పుచు నెప్పటికప్పుడు క్రొత్తదగు గడ్డి: ఇవి యన్నియుఁ గలిసి మన మొక్క కాలపుఁ గట్టడమని భ్రమించు నిల్లు.

ఇచట నొక ప్రశ్న పుట్టును. హాథవేలు సంపన్నులైనచోఁ గప్పునకుఁ బెంకులు వేయింపక గడ్డినే యేల యుంచిరి? గడ్డికప్పు పేదఱికమునకు గుఱుతు కాదా? దీనికి సమాధానము పట్టణములకును బల్లెలకును గల భేదమునందున్నది. లండనునగరమున 1212లో సంభవించిన మహాగ్నిప్రమాదము పిమ్మటఁ గ్రొత్తయిండ్లకు గడ్డికప్పు నిషేధింపఁబడెను. స్ట్రాట్‌ఫర్డుపట్టణము 1594, 1595, 1614 సంవత్సరములలో ముమ్మాఱు దగ్ధమయ్యెను. తుదకుఁ బట్టణసభవారు గడ్డికప్పును నిషేధింపఁ బూనిరి. షేక్స్పియరు నాటకములాడు లండనునందలి గ్లోబు నాటకశాల 1613 జూను 29వ తేదీన ఎనిమిదవ హెన్రీ నాటకము నడచుచుండఁగా, ఫిరంగి పేల్చుటచే గడ్డికప్పంటుకొని బూడిదయయ్యెను. మఱల గట్టునపుడు పెంకులు వేసిరి. ఇండ్లొకదాని నొకటి రాచుకొనియుండు పట్టణమున నొకని చూరు నిప్పు వీథియంతటికి నిప్పు. షాటరీలో నిల్లు తోఁటలనడుమ నొంటిగా నుండెను. తొంబది యెకరములలోఁ బండిన గడ్డి చేతిలోనే యుండెను. పెంకు బరువునకుఁ బాఁత క్రక్‌చట్రము తగదు. కాఁబట్టి గడ్డికప్పు నిలుచుటకుఁ గారణము లేమి గాదు. భూమియుఁ బంటయు నుండుటయే కారణము.

ఇట్టి వ్యవసాయగృహమునకుఁ గాటేజి యను పేరెప్పుడు వచ్చెను? షేక్స్పియరు కీర్తి పెరిగి, యాత్రికులు స్ట్రాట్‌ఫర్డునకు రాఁదొడఁగిన పదునెనిమిదవ శతాబ్దపుటంత్యమున. శామ్యూల్ ఐర్లండు 1795లోఁ బ్రకటించిన యేవన్‌నదీతీరదృశ్యముల గ్రంథమున నీ యింటి చిత్రము ముద్రింపఁబడెను. ఇందుండి యొక కుర్చీని, అది కవి వాడినదని నమ్మి, యతఁడు కొనిపోయెను. సరిగా నా కాలముననే యింగ్లండునందలి ధనవంతులకుఁ బల్లెటూరి యిండ్లపై నొక మోజు పుట్టినది. గడ్డికప్పును వంకరకొయ్యయుఁ గన్నులపండువు గావించు వస్తువులయ్యెను. జాన్ నాష్ అను శిల్పి 1811 ప్రాంతమున బ్రిస్టలునగరపుఁ జేరువ బ్లేజ్ హామ్లెటు అను తొమ్మిదిండ్ల పల్లెను, ఒక ధనికుని ముదుసలి సేవకులకై, యేయింటి కాయిల్లు వేఱురూపముగా నలంకారబుద్ధితో నిర్మించెను. పేదల నివాసమునకుఁ బేరైన కాటేజి శబ్ద మిట్లు ధనవంతుల వినోదమునకుఁ బేరయ్యెను. స్థితిని జెప్పు పద మాకారమును జెప్పు పదమైనది. గడ్డికప్పును దోఁటయుఁ గల యే యిల్లైనను గాటేజియే యను రూఢి స్థిరపడిన పిదప హ్యూలాండ్స్ ఫార్మ్ అను పేరు మఱుగుపడెను. 1892లో షేక్స్పియరు జన్మస్థానధర్మకర్తల సంఘమువా రీ గృహమును గొనునాఁటికిఁ గ్రొత్తపేరే లోకమున నిలిచినది. అమెరికాదేశమున దక్షిణ డకోటారాష్ట్రమందలి వెసింగ్టన్ స్ప్రింగ్స్ అను నూరిలో 1932లో నీ చిత్రమును జూచి యొక ప్రతికృతిని గట్టిరి.

పేరు మాఱిన మాఱుఁగాక, దానివలన వచ్చిన హాని యేమని యడుగవచ్చును. హాని కలదు; అది యొక స్త్రీ కీర్తికి సంబంధించినది. 1582 నవంబరులో వివాహము జరుగునప్పటికి షేక్స్పియరు పదునెనిమిదేండ్లవాఁడు, ఆన్ యిరువదియాఱేండ్లది, మఱుసటి మే మాసముననే తొలిబిడ్డ సుసన్నా పుట్టెను. ఈ మూఁడు విషయములను బట్టుకొని, పేదపల్లెపిల్ల యొకతె భవిష్యన్మహాకవిని వలలో వేసికొనెనని కొందఱు చరిత్రకారులు కథ యల్లిరి. కాటేజి యను పేరు నా చిత్రమును నా కథకు రంగస్థలము నమర్చినవి. ఇంటి యవయవములు వేఱుమాట చెప్పుచున్నవి. ఆమె తండ్రి తన హాలుగోడలకుఁ బలకలు తొడిగించిన వ్యవసాయదారుఁడు. ఆమెకుఁ దండ్రి వ్రాసియిచ్చిన కట్నము కలదు. వివాహమునకై 1582 నవంబరు 28వ తేదీన 40 పౌనులకుఁ బూఁటపడిన ఫల్క్ సాండెల్స్, జాన్ రిచర్డ్‌సన్ అనువా రిరువురును షాటరీ రైతులు, ఆమె తండ్రి మరణశాసనమునందుఁ బేర్కొనఁబడిన యాప్తులు. అప్పటికిఁ గవి తండ్రియైన జాన్ షేక్స్పియరే ఋణములఁ జిక్కి భూముల నన్యాధీనము గావించియుండెను. ఈ సంబంధమువలన నెవ్వ రెవ్వరికిఁ దక్కువ యను ప్రశ్న కింటికప్పు చెప్పు సమాధానము, కథకులు చెప్పుదానికి విపరీతముగా నుండును.

కాని యింటిసాక్ష్యమునకు నవధి యొకటి కలదు. దంపతుల యనురాగమునుగాని వైమనస్యమునుగాని కొయ్యలు చెప్పఁజాలవు. ఆ కుటుంబపు స్థితి యిట్టిదని మాత్రమే యవి చెప్పును. దానికి మించి పలికింపఁబూనుట పదమునకు లేని శక్తి నారోపించుటవంటిది.

1969లో నీ గృహమున కగ్నిప్రమాదము సంభవించి గొప్ప నష్టము కలిగెను. ధర్మకర్తలు దానిని బాఁతరీతిని బాగుచేయించిరి. కప్పు క్రొత్తదైనను నిది యా యిల్లే యగునా యని శంక పుట్టవచ్చును. గడ్డికప్పు స్వభావమునే మార్చుకొనుచు నిలుచునది. గోధుమగడ్డి యిరువది ముప్పదియేండ్లకు నశించును. ప్రతి తరమువారును దానిని దమ చేతులతో మఱల నేయుదురు. నిలుచునది పోచ గాదు. వాలు, వరుస, మెలిపెట్టి గ్రుచ్చెడు నేర్పు నిలుచును. ఆ నేర్పు నిలుచుటకుఁ బైరు గూడ నిలువవలెను. యంత్రములతోఁ గోయుట వచ్చినపిదప గడ్డి నలిగి కప్పునకుఁ బనికిరాకపోయెను. ఇరువదవ శతాబ్దమున వచ్చిన పొట్టిగోధుమలకుఁ జాలినంత పోచయే లేకపోయెను. అందుచే నింగ్లండునఁ గొందఱు రైతులు, గింజ తక్కువైనను, పొడవుపోచగల గోధుమలను గప్పువాండ్రకొఱకే పండించుచున్నారు. ఒక గృహమును గాపాడుట యనఁగా నొక పొలమును, ఒక విత్తనమును, ఒక చేతిపనిని గాపాడుట యని దీనివలనఁ దేలుచున్నది.

శబ్దవిషయమున యోగమును విడిచి రూఢినిఁ బట్టుట దోషము గాదు. లోకవ్యవహార మట్లు సాగుచున్నది. మండపమును గంజిత్రాగువాఁ డని యెవ్వరు నపార్థము చేసికొనరు. గృహవిషయమున నవయవములను విడిచి పేరునే పట్టినచో నందు నివసించినవారికే యపకారము గలుగుచున్నది. షాటరీయందలి గృహమును లోకు లికముందును గాటేజి యనియే పిలుతురు గాక. రూఢిని మార్ప నెవ్వరికిని శక్యము గాదు. దానిని గూర్చి బోధించు నుపాధ్యాయులు మాత్ర మా చిత్రమును జూపునపుడు, ఇది తొంబది యెకరముల రైతు హాలుగృహమనియు, ఆ కనుబొమకిటికీలక్రింద నొక కాలమునఁ బొగ నిండిన యొక్క గది యుండెననియు, ఆ యింటి యాఁడుబిడ్డ కట్నముతోను నాప్తుల పూఁటతోను నత్తవారింటికిఁ బోయెననియు బాలురకుఁ దెలుపుదురు గాక.